మామిడి తోటలో పన్నుల పాఠం

నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనా ముందు గుర్తుకు వచ్చేది మామిడి పండే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, సువర్ణరేఖ, కలెక్టరు కాయ - ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఈ ప్రాంతంలో ఏ దారిన పోయినా కాయల లారీలే కనిపిస్తాయి. వాటిలో చాలా భాగం విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్టుకు చేరతాయి. అక్కడి నుంచి దేశం నలుమూలలకూ, కొన్ని విదేశాలకూ పోతాయి. నూజివీడు చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా తోటలు మారలేదు, వాటి కష్టసుఖాలూ మారలేదు.

పిల్లలూ! ఈ నెల మనం పన్నుల గురించి తెలుసుకుందాం. "సైన్సు పత్రికలో పన్నుల గొడవేమిటి? అది సాంఘికశాస్త్రం మాష్టారు చెప్పాల్సిన పాఠం గదా!" అని మీరనవచ్చు. నిజమే. కాని ప్రభుత్వం పన్నులు ఎందుకు వసూలు చేస్తుందో, మార్కెట్టు చేయలేని పనులు ఏవో మనకు చక్కగా చూపించే జీవి ఒకటి మన తోటల్లోనే ఉంది. అది ఒక ఈగ.

పండు ఈగ కథ

దీని శాస్త్రీయ నామం బ్యాక్ట్రోసెరా డార్సాలిస్. రైతులు పండు ఈగ అంటారు. చూడడానికి మన ఇంట్లోని ఈగంతే ఉంటుంది కాని, గోధుమ రంగు శరీరం మీద పసుపు చారలతో చిన్న కందిరీగలా కనిపిస్తుంది. ఆడ ఈగ శరీరం చివర సూదిలాంటి అవయవం ఉంటుంది. కాయ పక్వానికి వచ్చే సమయంలో ఆ సూదితో తొక్కకు రంధ్రం చేసి, లోపల గుడ్లు పెడుతుంది. పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలి తెల్లని పురుగులు బయటికి వస్తాయి. అవి గుజ్జు తింటూ పెరుగుతాయి. పండు లోపల కుళ్ళి, రాలిపోతుంది. పెరిగిన పురుగు పండులోంచి బయటికి వచ్చి, నేలలో కొద్ది లోతున దూరి, గోధుమ గింజ వంటి గూడుగా మారుతుంది. కొద్ది రోజుల తరువాత ఆ గూటిలోంచి కొత్త ఈగ ఎగిరిపోతుంది. మామిడి అయిపోతే జామ, జామ అయిపోతే మరొక పండు. దానికి ఏడాది పొడుగునా ఆహారమే.

దీన్ని అదుపు చేసే మార్గాలు ఉన్నాయి. మొదటిది, రాలిన పండ్లను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టడం. అప్పుడు పురుగులు నేలలోనే చస్తాయి. రెండవది, ఎర బుట్టలు. మిథైల్ యూజినాల్ అనే ఒక వాసన పదార్థం ఉంది. మన తులసి ఆకుల్లో కూడా ఇది కొంత ఉంటుంది. ఈ వాసన తగిలితే మగ ఈగలు ఎక్కడున్నా వెతుక్కుంటూ వస్తాయి. చిన్న చెక్కముక్కకు ఈ పదార్థాన్నీ, కొద్దిగా పురుగుమందునూ పట్టించి బుట్టలో వేలాడదీస్తే, వచ్చిన మగ ఈగలన్నీ చనిపోతాయి. మగవి లేకపోతే ఆడవి పెట్టిన గుడ్లు పొదగవు.

ఇంత చక్కని ఉపాయం ఉండగా ఈగ ఇంకా ఎందుకు మిగిలి ఉంది? ఇక్కడే మన అసలు పాఠం మొదలవుతుంది.

ఒక లెక్క వేద్దాం

ఒక ఊళ్ళో 100 మామిడి తోటలు ఉన్నాయనుకుందాం. అన్నీ ఒకే విస్తీర్ణం, ఒకే కాపు. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. నిజమైన తోటల్లో అవి వేరుగా ఉంటాయి. కాని లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఎవరూ ఏమీ చేయకపోతే ఒక్కొక్క తోటకు ఈగ వల్ల 5,000 రూపాయల నష్టం. ఎర బుట్టలు పెట్టి, రాలిన పండ్లు ఏరించడానికి ఒక్కొక్క తోటకు ఖర్చు 1,500 రూపాయలు. అందరూ ఆ పని చేస్తే నష్టం 1,000 రూపాయలకు తగ్గిపోతుంది. అంటే నష్టం 1,000, ఖర్చు 1,500, మొత్తం 2,500. ఏమీ చేయకుండా 5,000 పోగొట్టుకోవడం కంటె ఇది సగానికి సగం లాభం గదా!

ఇప్పుడు ఒక రైతు ఒక్కడే ఈ పని చేశాడనుకోండి. తన తోటలో ఈగలు చస్తాయి. కాని ఈగకు గట్లూ కంచెలూ లేవు. చుట్టూ ఉన్న 99 తోటల నుంచి కొత్త ఈగలు వచ్చి వాలతాయి. కనుక అతని నష్టం 5,000 నుంచి 4,500 కు మాత్రమే తగ్గుతుంది. పైగా 1,500 ఖర్చు. మొత్తం 6,000! మంచి పని చేసినవాడే అందరికంటె ఎక్కువ నష్టపోయాడు.

తిరగేసి చూద్దాం. 99 మంది బుట్టలు పెట్టారు, ఒక్కడు పెట్టలేదు. ఊళ్ళో ఈగలు తగ్గాయి కనుక అతని నష్టం కూడా 1,200 కు తగ్గిపోయింది. ఖర్చు మాత్రం సున్న. మిగిలినవారికి 2,500 పోతుంటే అతనికి 1,200 మాత్రమే పోయింది.

చూశారా? పక్కవాడు బుట్టలు పెట్టకపోతే మనం పెట్టడం దండగ. పక్కవాడు పెడితే మనం పెట్టకపోవడం లాభం. ఎటు చూసినా పెట్టకపోవడమే తెలివి అని ప్రతి రైతుకూ అనిపిస్తుంది. 100 మంది తెలివైన రైతులూ అలాగే అనుకుంటే? ఊరంతా కలిసి 2,50,000 రూపాయలతో పోవలసినది 5,00,000 పోగొట్టుకుంటుంది. ఇందులో సోమరి ఎవరూ లేరు, చెడ్డవారు అసలే లేరు. ఒక్కొక్కరి లెక్క సరిగ్గానే ఉంది, అందరి లెక్క తప్పింది. "అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు?" అని మన పెద్దలు అన్నది ఇందుకే.

వస్తువులను కొనడం, అమ్మడం ఎవరికి వారికి వదిలేస్తే చాలా సందర్భాల్లో పని చక్కగా జరుగుతుంది. నున్న మార్కెట్టులో ఏ కాయకు ఏ ధర పలకాలో పైనుంచి ఎవరూ చెప్పనక్కర లేదు. కొనేవాడూ అమ్మేవాడూ బేరమాడుకుంటారు. కాని ఈగ విషయంలో ఆ పద్ధతి పని చేయలేదు. దీన్నే అర్థశాస్త్రంలో మార్కెట్టు వైఫల్యం అంటారు.

ఇప్పుడు ఊరంతా గ్రామసభలో కూర్చుని ఒక తీర్మానం చేసిందనుకోండి. "ప్రతి తోటకూ 1,500 రూపాయలు విధిగా వసూలు చేద్దాం. ఆ డబ్బుతో అన్ని తోటల్లోనూ ఒకేసారి బుట్టలు పెట్టిద్దాం." ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. ప్రతి రైతుకూ 1,500 పోయి 4,000 మిగిలింది. విధిగా వసూలు చేసే ఈ 1,500 రూపాయలకు పేరేమిటి? పన్ను! ఎవరూ ఒంటరిగా కొనలేని వస్తువును అందరూ కలిసి కొనడానికి చెల్లించే ధరే పన్ను.

ఒకినావా దీవుల్లో జరిగింది

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. జపాను దేశానికి దక్షిణాన ఒకినావా మొదలైన దీవులు ఉన్నాయి. మన తోటల్లోని ఈ పండు ఈగే అక్కడా ఉండేది. దాని వల్ల ఆ దీవుల పండ్లను జపాను ప్రధాన భూభాగానికి పంపడం కూడా కుదిరేది కాదు. ఏ ఒక్క రైతూ దీన్ని పోగొట్టలేడు కనుక ప్రభుత్వమే పూనుకుంది. మిథైల్ యూజినాల్ పట్టించిన ఎరలను ఊరూ అడవీ అని చూడకుండా దీవులంతటా వేయించారు. చివరికి 1986 నాటికి జపానులో ఈ ఈగ లేకుండా పోయింది. ఆ తరువాత దోస, గుమ్మడి జాతుల కాయలను పాడుచేసే మరొక ఈగను కూడా 1993 నాటికి నిర్మూలించారు. అందుకు కోట్ల కొద్దీ ఈగలను పెంచి, కిరణాలతో వాటికి సంతానశక్తి లేకుండా చేసి వదిలారు. ఇంత పనిని ఏ వ్యాపారి చేపడతాడు? చేసినా ఆ ఖర్చును ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాడు? ఈగలు లేని గాలిని పొట్లం కట్టి అమ్మలేడు గదా!

మన దగ్గర చుట్టూ సముద్రం లేదు. ఈగ పక్క ఊరి నుంచీ, పక్క రాష్ట్రం నుంచీ వస్తుంది. కనుక పూర్తిగా నిర్మూలించడం కష్టం. అదుపులో పెట్టడానికి మాత్రం దారి అదే, అందరూ ఒకేసారి చేయాలి.

చేయకపోతే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. పండు ఈగల భయంతో 1986లో జపాను మన మామిడి పండ్లను నిషేధించింది. మళ్ళీ 2006లో గాని అనుమతించలేదు. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య కూడా మన మామిడిని నిలిపివేసి, 2015 జనవరిలో ఆ నిషేధం ఎత్తివేసింది. పురుగు కనిపించినది కొన్ని పెట్టెల్లోనే. కాని తలుపు మూసుకున్నది దేశం మొత్తానికి! జాగ్రత్తగా పెంచిన రైతు కాయా ఆగిపోయింది, అజాగ్రత్తగా పెంచిన రైతు కాయా ఆగిపోయింది. "భారతదేశపు మామిడి" అనే మంచి పేరు కూడా అందరి ఉమ్మడి ఆస్తి అన్నమాట.

మళ్ళీ తలుపు తెరిపించినది సైన్సూ, ప్రభుత్వమూ కలిసి చేసిన పని. ఐరోపాకు పంపే పండ్లను 48 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 60 నిమిషాలు ఉంచుతారు. జపానుకు పంపేవాటికి వేడి ఆవిరి పట్టించి, గుజ్జు 47.5 డిగ్రీలకు చేరాక 20 నిమిషాలు అలాగే ఉంచుతారు. లోపల గుడ్లున్నా, పురుగులున్నా చస్తాయి. పండు మాత్రం ఉడకదు. ఆ తరువాత ప్రభుత్వ అధికారి పరీక్షించి ధ్రువపత్రం ఇస్తాడు. ఆ సంతకానికి విలువ ఎందుకంటే, అది పండు అమ్మే వ్యాపారి సంతకం కాదు కనుక.

ప్రజా వస్తువు అంటే ఏమిటి?

వీధి దీపం చూడండి. దాని వెలుగులో మీరు నడిచినంత మాత్రాన నాకు వెలుగు తగ్గదు. పన్ను కట్టని మనిషి వచ్చినా "నీకు వెలుగు లేదు పో" అని అనలేం. ఈ రెండు లక్షణాలు ఉన్నవాటిని ప్రజా వస్తువులు అంటారు. ఒకరు వాడుకుంటే మరొకరికి తరగకూడదు, ఎవరినీ ఆపడం సాధ్యం కాకూడదు.

మామిడి పండు ప్రజా వస్తువు కాదు. నేను తింటే మీకు లేదు. డబ్బివ్వకపోతే వ్యాపారి ఇవ్వడు. తుపాను హెచ్చరిక ప్రజా వస్తువు. దేశరక్షణ ప్రజా వస్తువు. ఈగలు లేని ఊరు ప్రజా వస్తువు. ఇలాంటివాటిని అమ్మి లాభం సంపాదించడం కష్టం కనుక వ్యాపారి వీటి జోలికి రాడు, వచ్చినా చాలినంత అందించలేడు.

జ్ఞానం కూడా ఇలాంటిదే. నూజివీడులో మామిడి పరిశోధన కేంద్రం ఉంది. 2007లో వెంకటరామన్నగూడెంలో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం కింద అది పని చేస్తుంది. ఏ నెలలో కొమ్మలు కత్తిరించాలి, ఏ తెగులుకు ఏ మందు అనే సంగతి ఒకసారి తేలితే, అది ఎంతమంది రైతులకు చెప్పినా తరగదు. ఒక దీపంతో వంద దీపాలు వెలిగించినట్లే. కాని ఆ మొదటి దీపం వెలిగించడానికి ఏళ్ళు పడుతుంది. ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరబడి శ్రమించినా ఫలితం రాదు. ఆ ఖర్చును పన్నుల డబ్బు భరిస్తుంది.

కంటికి కనిపించని మోసం

ఇప్పుడు కాయ తోట దాటి మార్కెట్టుకు వచ్చింది. ఇక్కడ మరొక రకం చిక్కు ఉంది.

పూర్వం కాయలను వరిగడ్డిలో మాగబెట్టేవారు. కాయలోంచి ఎథిలీన్ అనే వాయువు సహజంగా వెలువడుతుంది. గడ్డి ఆ వాయువునూ, వెచ్చదనాన్నీ పట్టి ఉంచుతుంది కనుక కాయలు నిదానంగా పండుతాయి. తొందరపడిన వ్యాపారులు కొందరు కాల్షియం కార్బైడ్ వాడడం మొదలుపెట్టారు. దానికి తేమ తగిలితే ఏం జరుగుతుందో పై తరగతుల్లో చదువుకుంటారు:

కాల్షియం కార్బైడ్ + నీరు → ఎసిటిలీన్ + కాల్షియం హైడ్రాక్సైడ్

ఎసిటిలీన్ ఎథిలీన్‌లాగే పనిచేసి తొక్కకు రంగు తెప్పిస్తుంది. కాని బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అనే మాలిన్యాలు ఉంటాయి. అవి తినేవారికీ, పెట్టెల దగ్గర పనిచేసే కూలీలకూ హాని చేస్తాయి. పండు మాత్రం పైకి పసుపుగా నిగనిగలాడుతూ ఉంటుంది.

కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. రెండు గంపలూ ఒకేలా ఉంటే తక్కువ ధర చెప్పినవాడి దగ్గరే కొంటాడు. అప్పుడు నిజాయితీగా, నిదానంగా మాగబెట్టినవాడికి ఖర్చు ఎక్కువ, గిరాకీ తక్కువ. కొన్నాళ్ళకు అతడు మానుకోవడమో, దారి తప్పడమో జరుగుతుంది. చెడ్డ సరుకు మంచి సరుకును మార్కెట్టు నుంచి తరిమేస్తుంది. ఈ సంగతిని పాత కార్ల మార్కెట్టును ఉదాహరణగా తీసుకుని జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా అర్థశాస్త్రవేత్త 1970లో వివరించాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

దీనికి మందు ఏమిటి? కొనేవాడు చూడలేనిదాన్ని అతని తరఫున చూసే కన్ను ఒకటి కావాలి. మన దేశంలో కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం నిషిద్ధం. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద 2011లో చేసిన నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. నిషేధించి ఊరుకుంటే చాలదు, మరో దారి కూడా చూపించాలి. అందుకని 2016లో ఎథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి అనుమతి ఇచ్చారు. గాలిలో 10 లక్షల భాగాలకు 100 భాగాలకు మించకుండా వాడాలి. అయితే చట్టం పుస్తకంలో ఉంటే పండు శుభ్రపడదు. నమూనాలు తీసేవారు కావాలి, పరీక్షించే ప్రయోగశాల కావాలి, తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. వీటన్నిటికీ జీతాలూ, పరికరాలూ పన్నుల నుంచే రావాలి.

నేల కింద ఉమ్మడి కుండ

మూడవ చిక్కు నీళ్ళది. నూజివీడు మెట్ట ప్రాంతం. డెల్టాలో ఉన్నట్లు ఇక్కడ ఎటు చూసినా కాలువలు కనిపించవు. చాలా తోటలకు బోరు నీరే ఆధారం. పైన ఎవరి పొలం వారిదే, గట్లు ఉన్నాయి, దస్తావేజులు ఉన్నాయి. కింద నీటికి గట్లు లేవు. ఒకే కుండలో వంద గొట్టాలు పెట్టి తాగుతున్నట్లు ఉంటుంది. నేను పొదుపుగా వాడితే ఆ నీరు నాకు మిగలదు, పక్కవాడి గొట్టంలోకి పోతుంది. కనుక ఎవరికి వారు త్వరగా, లోతుగా లాగాలనుకుంటారు. చివరికి కుండ అడుగంటుతుంది. మొదట ఎండేది చిన్న రైతు బోరు. మరింత లోతుకు వేయించే స్తోమత అతనికి ఉండదు.

ఇది ప్రజా వస్తువు కాదు, జాగ్రత్తగా గమనించండి. వీధి దీపం వెలుగు తరగదు, నీరు తరుగుతుంది. ఎవరినీ ఆపడం కష్టం, కాని వాడితే తరిగిపోతుంది. దీన్ని ఉమ్మడి వనరు అంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. వాల్టా చట్టం అని పిలిచేది దీన్నే. దీని ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, తాగునీటి బావి దగ్గర ఇష్టం వచ్చినట్లు తవ్వకూడదు.

ఇక్కడ ప్రభుత్వం చేసే పని ఒక్కొక్కప్పుడు ఎదురు తిరగడం కూడా చూడవచ్చు. 2004 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి విద్యుత్తు ఉచితం. అప్పుల్లో ఉన్న రైతుకు అది పెద్ద ఊరట, సందేహం లేదు. కాని మోటారు ఎన్ని గంటలు నడిచినా బిల్లు రాకపోతే, నీరు ఎంత పోతున్నదో గుర్తుచేసేది ఏముంది? ఒక కష్టం తీర్చడానికి చేసిన ఏర్పాటు మరొక కష్టాన్ని పెంచవచ్చు. మార్కెట్టుకు వైఫల్యాలు ఉన్నట్లే ప్రభుత్వానికీ ఉంటాయి.

మూడవ దారి ఒకటుంది. 2003 తరువాత అనంతపురం, నల్లగొండ, ప్రకాశం మొదలైన 7 కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. రైతులే తమ ఊరి వాననూ, బోరులోని నీటిమట్టాన్నీ కొలిచి రాసుకున్నారు. ఎంత నీరుందో అందరూ కూర్చుని లెక్కకట్టి, దాన్నిబట్టి ఏ పైరు వేయాలో నిర్ణయించుకున్నారు. ఎవరూ జరిమానా వేయలేదు. కంటికి కనిపించని నీటిని అంకెల్లో అందరికీ కనిపించేటట్లు చేశారు, అంతే. ఉమ్మడి వనరులను ప్రజలే నియమాలు పెట్టుకుని కాపాడుకోగలరని లోకంలోని అనేక ఉదాహరణలతో నిరూపించిన ఎలినార్ ఆస్ట్రోమ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. అర్థశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే.

తప్పును సరిచేసే పన్ను

పన్ను డబ్బు రాబట్టడానికే కాదు, తప్పుడు లెక్కను సరిచేయడానికి కూడా పనికివస్తుంది. ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు మండించి విద్యుత్తు తీస్తారు. బొగ్గు ధర విద్యుత్తు బిల్లులో ఉంటుంది. కాని బొగ్గు పొగ వల్ల ఎవరికైనా దగ్గు వస్తే ఆ మందుల ఖర్చు ఏ బిల్లులో ఉంది? ఎక్కడా లేదు. మూడోవాడి నెత్తిన పడే ఇలాంటి ఖర్చును పన్ను రూపంలో ధరలోకి చేర్చాలని ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ పిగూ 1920లో రాశాడు. మన దేశం 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు విధించింది. 2016 నాటికి అది 400 రూపాయలైంది. ఆ తరువాత అది వస్తు సేవల పన్ను విధానంలో కలిసిపోయింది.

మరి ఈ డబ్బు ఎవరిస్తున్నారు?

"మా నాన్న పన్ను కట్టడు" అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. తాజా మామిడి పండు మీద వస్తు సేవల పన్ను కూడా లేదు. అయినా మీ ఇంట్లో పన్ను కట్టనివారు లేరు. 2017 జూలై 1 నుంచి అమలులో ఉన్న వస్తు సేవల పన్ను మీరు కొనే సబ్బులో ఉంది, తోటకు వేసే ఎరువులో ఉంది. ట్రాక్టరు డీజిలు మీద వేరే పన్నులు ఉన్నాయి. ఇంటి పన్ను పంచాయతీకో, పురపాలక సంఘానికో పోతుంది.

ఆదాయపు పన్ను వంటివి ప్రత్యక్ష పన్నులు. ఎవరి ఆదాయాన్నిబట్టి వారు నేరుగా కడతారు. సబ్బు మీది పన్ను పరోక్ష పన్ను. దుకాణదారు కట్టినా భారం కొన్నవాడిదే. ఇక్కడ ఒక న్యాయాన్యాయాల ప్రశ్న ఉంది. నెలకు 10,000 రూపాయలు వచ్చే కూలీ కుటుంబమూ, 1,00,000 వచ్చే కుటుంబమూ సబ్బుల మీద చెరి 10 రూపాయల పన్ను కట్టారనుకోండి. మొదటివారు ఆదాయంలో వెయ్యో వంతు కట్టారు, రెండవవారు పదివేలో వంతు! అంటే పేదవాడి భారం పది రెట్లు. అందుకే ఆదాయం పెరిగేకొద్దీ శాతం పెరిగే ఆదాయపు పన్ను ఉండాలని అంటారు.

ఒక సంగతి మరువవద్దు. మన రాజ్యాంగం 265వ అధికరణం ప్రకారం చట్టం లేకుండా ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదు. పూర్వం రాజుగారికి తోచినంత పన్ను. ఇప్పుడు మనం ఎన్నుకున్నవారు సభలో చర్చించి ఆమోదిస్తేనే పన్ను. కనుక పన్ను కట్టడం ఎంత బాధ్యతో, కట్టిన డబ్బు ఏమైందని అడగడం అంత హక్కు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం అందుకు ఒక సాధనం, గ్రామసభ మరొకటి. బుట్టల కోసం వసూలు చేసిన డబ్బుకు బుట్టలు రాకపోతే మరుసటి ఏడాది ఏ రైతు ఇష్టంగా ఇస్తాడు? లెక్క చూపించని ఉమ్మడి పని ఎక్కువకాలం నిలవదు.

చేసి చూడండి

1. తరగతిలో 20 మంది కూర్చోండి. ఒక్కొక్కరికీ 10 చింతపిక్కలు. ఎవరికీ కనిపించకుండా ఎవరికి ఇష్టమైనన్ని కుండలో వేయండి. మాష్టారు కుండలోని గింజలకు రెట్టింపు చేసి అందరికీ సమానంగా పంచుతారు. అందరూ 10 వేస్తే ఒక్కొక్కరికి 20 వస్తాయి. ఒక్కడు వేయకపోతే అతనికి ఎన్ని ఉంటాయి? మిగిలినవారికి ఎన్ని? అయిదుసార్లు ఆడి, కుండలో పడే గింజలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో రాయండి. ఆరవసారి "ప్రతివాడూ 10 వేయాలి, మాష్టారు లెక్కపెడతారు" అని నియమం పెట్టుకుని ఆడండి.

2. రాలిన, పుచ్చిన మామిడి పండును తడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచి, పైన పలచని గుడ్డ గట్టిగా కట్టండి. రోజూ చూసి రాయండి. పురుగులు ఎప్పుడు ఇసుకలో దూరాయి? ఈగలు ఎప్పుడు వచ్చాయి? పరిశీలన అయ్యాక గుడ్డ విప్పకుండానే డబ్బాను మండుటెండలో ఉంచి, ఈగలు చచ్చాకనే పాతిపెట్టండి.

3. మీ ఇంటి దగ్గరి దుకాణంలో ఇచ్చిన ఒక బిల్లు తీసుకోండి. అందులో సి.జి.ఎస్.టి., ఎస్.జి.ఎస్.టి. అని రెండు వరుసలు ఉంటాయి. మొదటిది కేంద్రానికి, రెండవది రాష్ట్రానికి. మొత్తం ధరలో పన్ను ఎన్నో వంతు?

ఆలోచించండి

- ఈ నాలుగింటిలో ప్రజా వస్తువులు ఏవి? చెరువు నీరు, తుపాను హెచ్చరిక, సినిమా టిక్కెట్టు, పోలియో లేని దేశం.

- ఊరి చివర ఒకే ఒక తోట ఉండి, చుట్టూ పది మైళ్ళ వరకు మరో పండ్ల చెట్టు లేకపోతే, ఆ రైతు ఎర బుట్టలు పెట్టడం లాభమా, నష్టమా? ఎందుకు?

- బోరు నీరు మీ ఊళ్ళో తగ్గిపోతున్నది. చట్టమా, ధరా, గ్రామసభ ఒప్పందమా - మీరు దేన్ని ఎన్నుకుంటారు? దాని వల్ల ఎవరికి కష్టం కలుగుతుందో కూడా రాయండి.